చాపకూడు సీమలో ప్రభువు బల్ల

 

ఈ నెల మీతో కలిసి మన సంఘ చరిత్రలోని ఒక సంగతిని ధ్యానించాలని ఆశపడుతున్నాను. అది మనం నెలకొకసారో, రెండు నెలలకొకసారో సమీపించే ప్రభువు బల్లను గురించిన సంగతి. అయితే దానిని గుడిలో కాక కారెంపూడిలో మొదలుపెట్టనివ్వండి.

పల్నాటిలో పుట్టిన ప్రతి బిడ్డకూ కారెంపూడి పేరు తెలుసు. పన్నెండవ శతాబ్దంలో గురజాల ఒక రాజ్యం, మాచర్ల ఒక రాజ్యం. అటు నలగామరాజు, నాగమ్మ. ఇటు మలిదేవరాజు, బ్రహ్మనాయుడు. దాయాదుల తగవు పెరిగి పెద్దదై కారెంపూడి రణరంగంలో రక్తమై పారింది. బ్రహ్మనాయుడు అన్ని కులాల వారినీ ఒకే చాప మీద కూర్చోబెట్టి అన్నం పెట్టాడనీ, మాల కన్నమదాసును కొడుకులా చూసుకుని సేనానిగా నిలిపాడనీ వీరగాథ చెబుతుంది. దానినే చాపకూడు అన్నారు. నేటికీ కారెంపూడిలో వీరుల తిరునాళ్ళు జరిగినప్పుడు చాపకూడు పెడతారు. ఒక్క పూట అందరూ కలిసి తింటారు. మరునాడు ఎవరి గిన్నె వారిది, ఎవరి వీధి వారిది.

ఒక పాదిరి చాపకూడును గురించి ఎందుకు రాస్తున్నాడా అని మీరు అనుకోవచ్చు. మన లూథరన్ మిషను పల్నాటిలో కాపురం పెట్టిన చోటు ఆ నాగమ్మ ఏలిన గురజాలే. అందుకే నాకు ఈ ప్రశ్న తప్పదు. ఈ సీమలో చాప ముందే ఉన్నది. మరి ప్రభువు బల్ల వచ్చి చాపకంటె ఎక్కువ ఏమి చేసింది?

మన తండ్రి హయ్యర్ గారి సంగతి మీకు తెలిసినదే. జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్ 1793లో జర్మనీలోని హెల్మ్‌స్టెట్‌లో పుట్టాడు. చిన్నతనంలోనే అమెరికా చేరి అక్కడ బోధకుడయ్యాడు. 1842 జూలై 31న గుంటూరులో అడుగుపెట్టాడు. ఆ రోజునే మన సంఘ పుట్టినరోజుగా జరుపుకుంటున్నాం. అప్పటికి గుంటూరు సీమ నందన నామ సంవత్సరపు కరువు నుండి ఇంకా తేరుకోలేదు. 1832-33లో వచ్చిన ఆ కరువులో ఊళ్ళకు ఊళ్ళే ఖాళీ అయ్యాయి. కలెక్టరు హెన్రీ స్టోక్స్ గారు హయ్యర్‌ను ఆదరించి అండగా నిలిచాడు. కొన్నేళ్ళకు హయ్యర్ అమెరికా తిరిగి వెళ్ళి, యాభై దాటిన వయస్సులో వైద్యం చదివి పట్టా పుచ్చుకుని మరల వచ్చాడు. 1849లో పల్నాడు చేరి గురజాలలో నివసించాడు. రెంటచింతల ఎండల సంగతి మనకు తెలుసు గదా! ఆ రోజుల్లో రోడ్డు లేదు, సాగరు కాలువ లేదు. నాపరాళ్ళ నేల, జొన్న చేలు, చలిజ్వరం. అటువంటి చోట ఊరూరా తిరిగి వాక్యం చెప్పాడు, మందులిచ్చాడు, నమ్మినవారికి బాప్తిస్మమిచ్చాడు. 1857లో తిరిగి వెళ్ళినవాడు, రాజమండ్రి మిషను చేయిజారిపోతుందని తెలిసి 1869లో, డెబ్బై ఆరేళ్ళ వయస్సులో, మూడవసారి ఓడ ఎక్కాడు. 1873లో ప్రభువునందు నిద్రించాడు.

ప్రియులారా, హయ్యర్ తన పెట్టెలో మందులతో పాటు తెచ్చినది ఒక విశ్వాసపు ఒప్పుకోలు. దానిలో గిన్నెకు పెద్ద చరిత్ర ఉంది. మార్టిన్ లూథరు కాలానికి ముందు, పశ్చిమ దేశాల సంఘంలో సామాన్య విశ్వాసికి రొట్టె మాత్రమే ఇచ్చేవారు. గిన్నె గురువుకే పరిమితం. లూథరు దానిని ఒప్పుకోలేదు. ప్రభువు ఆ రాత్రి గిన్నెను అందరికీ అందించాడు గనుక, ఏ గురువూ దానిని జనం నుండి లాగుకొనరాదని బోధించాడు. 1530లో రాజు ఎదుట చదివిన ఆగ్స్‌బర్గ్ ఒప్పుకోలులో ఇరవై రెండవ అధికరణం అంతా ఈ ఒక్క సంగతే. ఆలోచించండి. మన సంఘం పుట్టుకలోనే ఒక పోరాటం ఉంది. గిన్నె ఎవరిది? ఎవరు ముందు, ఎవరు వెనుక? అందరిదీ అని చెప్పినందుకే మనల్ని ఒకనాడు వెలివేశారు.

లూథరు 1529లో చిన్న ప్రశ్నోత్తరి రాశాడు. పల్లెటూరి సంఘాలను చూడబోయి, జనానికి పరలోక ప్రార్థన కూడా సరిగా రాకపోవడం చూసి, ఇంటి యజమాని పిల్లలకు నేర్పేటంత తేలికగా దానిని కూర్చాడు. అది తెలుగుకు ఎప్పుడు వచ్చిందో తెలుసా? హయ్యర్ రాకకు సుమారు వందేళ్ళ ముందే. తరంగంబాడిలోను, మద్రాసులోను పనిచేసిన బెంజమిన్ షుల్జ్ గారు జర్మనీ తిరిగి వెళ్ళి, హాలే పట్టణంలో 1746 ప్రాంతాన తెలుగు అక్షరాలతో దానిని అచ్చు వేయించాడు. తెలుగులో అచ్చయిన తొలి పుస్తకాలలో అది ఒకటి. ఆ చిన్న పుస్తకంలో బల్లను గురించిన ప్రశ్న ఉంది. దీనికి అర్హుడెవడు? ఉపవాసం మంచిదే, శుచి మంచిదే, కాని ప్రభువు దేహమూ రక్తమూ తన కొరకేనని నమ్మినవాడే నిజముగా అర్హుడని దాని బోధ. వంశం ఊసు లేదు, వీధి ఊసు లేదు. మన కన్ఫర్మేషన్ పిల్లలు దీనిని కంఠతా చెబుతారు. పెద్దలం మరచిపోతాము.

విశ్వాసము వలన నీతిమంతులుగా తీర్చబడుట అనేది మన సిద్ధాంతానికి వెన్నెముక. ఇది పండితుల మాట, సెమినరీ మాట అని చాలామంది అనుకుంటారు. గలతీ పత్రిక రెండవ అధ్యాయం తెరిచి నిదానంగా చదవండి. అంతియొకయలో పేతురు అన్యజనులతో కలిసి భోంచేస్తున్నాడు. యెరూషలేము నుండి కొందరు రాగానే భయపడి పక్కకు తప్పుకున్నాడు. బర్నబా కూడా ఆ వేషధారణలో కొట్టుకుపోయాడు. అప్పుడు పౌలు అందరి ఎదుట పేతురును నిలదీశాడు. ఆ నిలదీత వెంటనే, పదహారవ వచనంలో, ధర్మశాస్త్ర క్రియల వలన కాక క్రీస్తునందలి విశ్వాసము వలననే మనుష్యుడు నీతిమంతుడగునని రాశాడు. చూశారా! మన సంఘం ఏ మాట మీద నిలిచి ఉన్నదో, ఆ మాట ఈ పత్రికలో పంక్తి భోజనపు తగవులో నుండి పుట్టింది. కలిసి కూర్చోనివాడు సిద్ధాంతాన్నే కాదన్నాడని పౌలు తీర్పు.

మరి మన దేశంలో సంఘం ఏమి చేసింది? దాచుకోకుండా చెప్పుకుందాం. తమిళ దేశంలోని పాత సంఘాలలో గుడిలోనే కులాలవారీగా వేరువేరుగా కూర్చునే అలవాటు ఉండేది. 1833లో బిషపు డేనియల్ విల్సన్ గారు కులభేదం సంఘంలో ఉండరాదని లేఖ పంపినప్పుడు తంజావూరులో పెద్ద కలత రేగింది. 1850లో మద్రాసులో మిషనరీలు కూడి కులాన్ని విడువనివారికి సంఘంలో చోటు లేదని తీర్మానించారు. అయితే లైప్‌జిగ్ లూథరన్ మిషనరీలు దానితో ఏకీభవించలేదు. కులం లోకాచారమనీ, వాక్యపు బలముతో మెల్లగా పోవునే గాని కట్టడితో పోదనీ వారి వాదన. వారు కూడా లూథరన్లే. ఆ మెల్లగా అన్న మాటకు ఇప్పటికి నూట డెబ్బై ఏళ్ళు దాటాయి.

తెలుగు దేశంలో కథ వేరు. 1876-78 ధాత కరువు తరువాత పల్లెలకు పల్లెలే సువార్త వైపు తిరిగాయి. ఒంగోలు బాప్టిస్టు మిషనులో 1878 జూలై 3న ఒక్క రోజే 2,222 మంది గుండ్లకమ్మలో బాప్తిస్మం పొందారు. వారిలో ఎక్కువమంది మాదిగలు. గుంటూరు సీమ లూథరన్ సంఘాలలో మాలలు ఎక్కువ. ఎవరూ కావాలని ఇలా పంచుకోలేదు. బంధువుల వెంట బంధువులు వచ్చారు. కాని ఫలితం ఏమైంది? చాలా ఊళ్ళలో ఒక పల్లెలో లూథరన్ గుడి, మరొక పల్లెలో బాప్టిస్టు గుడి. సిద్ధాంతపు గోడ అనుకున్నది చాలాచోట్ల పల్లెల మధ్య దారే అయింది.

మన వినుకొండలో 1895లో పుట్టిన గుర్రం జాషువా గారిని తలచుకోండి. గుంటూరులో లూథరన్ల ఉపాధ్యాయ శిక్షణాలయంలో ఆయన పదేళ్ళపాటు బోధించారు. కవిసభలో కులం చూసి అవమానించినవారు ఒకవైపు. హిందూ పురాణ కథలు రాస్తున్నాడని సంఘం నుండి వెలివేసినవారు మరొకవైపు. ఆ కవే తరువాత క్రీస్తు చరిత్ర రాశారు. దానికి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. రెండు పంక్తుల నుండి లేపబడినవాడు ప్రభువు చరిత్రను తెలుగువారికి వడ్డించాడు!

మరొకరిని కూడా తలచుకోవాలి. బి.వి. సుబ్బమ్మ గారు గుంటూరు జిల్లాలో కమ్మవారి ఇంట పుట్టి క్రీస్తును నమ్ముకున్న లూథరన్ విద్వాంసురాలు. రాజమండ్రిలో స్త్రీల బైబిలు శిక్షణ పాఠశాలను నడిపారు. 1970లో అచ్చయిన ఆంగ్ల గ్రంథంలో ఆమె ఒక కష్టమైన ప్రశ్న వేశారు. సంఘమంతా రెండు కులాలతో నిండి ఉన్నది, మిగిలిన కులాలవారు క్రీస్తును ప్రేమించినా ఆ గుమ్మం దాటలేకపోతున్నారు, వారిని వారి ఇళ్ళలో, వారి పద్ధతులలోనే శిష్యులుగా చేయరాదా అని. ఆమె ప్రశ్నను నేను తేలికగా తోసివేయను. ఆత్మల మీది భారంతో అడిగినది. వచ్చే తలుపులు ఎన్నయినా ఉండవచ్చు. కాని అంతియొకయను చదివిన తరువాత నా మనస్సాక్షి ఒకటి చెబుతుంది. తలుపులు ఎన్ని ఉన్నా బల్ల ఒక్కటే ఉండాలి. లోపలికి వచ్చిన తరువాత కూడా ఎవరి చాప వారిదైతే, మనం పేతురుతో పాటు పక్కకు తప్పుకున్నట్లే.

ఇక నా తప్పు ఒప్పుకోనివ్వండి. సుమారు ఇరవై ఏళ్ళ క్రితం, సెమినరీ చదువు ముగిసిన కొత్తలో, పల్నాటిలో ఒక పల్లె సంఘానికి వెళ్ళేవాడిని. అక్కడ రెండు పల్లెలవారు ఒకే గుడికి వచ్చేవారు. ఒకే గిన్నెలో తాగేవారు. అది చూసి నాలో నేను గర్వించేవాడిని. ఒక ఆదివారం ఒక వృద్ధురాలు జ్వరంతో నిలబడలేక ముందు వరుసలో గోడకు ఆనుకుని కూర్చున్నది. లేవలేదు గదా అని గిన్నె ముందుగా ఆమె దగ్గరకు తీసుకువెళ్ళాను. ఆమె అరచేయి అడ్డం పెట్టింది. "వద్దు అయ్యగారూ. వాళ్ళు తాగినాక గదా మేం తాగేది. మా అత్త కాలం నుంచీ ఇట్టాగే" అన్నది.

రెండేళ్ళుగా నా చేతితోనే గిన్నె పట్టుకున్నాను. మాలపల్లె ముందు, మాదిగపల్లె వెనుక. నాకు కనబడలేదు. ఎవరూ నియమం పెట్టలేదు గనుక అడిగేవారూ లేరు. ఆ నెల సంఘ పెద్దలతో కూర్చున్నాను. మాటలు పెరిగాయి. తరువాతి బల్లనాడు గిన్నె గుమ్మం వైపు కూర్చున్నవారి నుండి మొదలుపెట్టాను. మూడు కుటుంబాలు గుడికి రావడం మానుకున్నాయి. క్రిస్మసుకు రెండు కుటుంబాలు తిరిగి వచ్చాయి. మూడవ కుటుంబం రానే లేదు. వారి కొరకు నేటికీ ప్రార్థిస్తున్నాను. ఆ వృద్ధురాలు మాత్రం ఆ రోజు ముందుగా తాగింది. తాగి కొంగుతో మూతి తుడుచుకుని చాలాసేపు తల వంచుకుని కూర్చున్నది.

2020లో కరోనా వచ్చిన తరువాత చాలా గుళ్ళలో ఒక్క గిన్నె పోయి చిన్న చిన్న కప్పులు వచ్చాయి. ఆరోగ్యానికి మంచిదే. కాని ప్రియులారా, జాగ్రత్త! ఒక్క గిన్నె ఉన్నప్పుడు మన పాపం వరుసలో కనబడేది. ఇప్పుడు కప్పుల్లో దాక్కుంటుంది.

కాబట్టి ఈ మాసం మీ సంఘంలో మూడు సంగతులు చూడండి. ప్రేమ విందు నాడు వండేది ఎవరు, వడ్డించేది ఎవరు, చివరి పంక్తిలో కూర్చునేది ఎవరు? సమాధుల దొడ్డి ఒకటా, రెండా? మీ బిడ్డకు సంబంధం చూసేటప్పుడు బాప్తిస్మం గురించి ముందు అడుగుతారా, పల్లె గురించి ముందు అడుగుతారా? జవాబులు నాకు పంపవద్దు. ప్రభువుకు చెప్పండి. కొరింథులో ఒకడు ఆకలిగొని ఒకడు మత్తుడైనందుకే, ప్రతివాడూ తన్ను తాను పరీక్షించుకోవాలని పౌలు రాశాడు (1 కొరింథీ 11).

2022 ఏప్రిల్ 4 నుండి పల్నాడు ఒక జిల్లా అయింది. నరసరావుపేటలో కలెక్టరు కూర్చుంటున్నారు. జిల్లా ఒక్కటి కావడానికి ఒక ప్రభుత్వ ఉత్తర్వు చాలింది. సంఘం ఒక్కటి కావడానికి దేవుని కుమారుడు ప్రాణం పెట్టవలసి వచ్చింది. చాపకూడు ఏడాదికి ఒక పూట. ప్రభువు బల్ల ఆయన వచ్చువరకు.

ప్రార్థన చేసుకుందాం. తండ్రీ, గురజాలకు నీ దాసుని పంపినందుకు స్తోత్రం. మా పితరులు నీ చేతి నుండి పొందిన గిన్నెను మేము ఒకరికొకరం ముందూ వెనుకా లేకుండా అందించుకొనునట్లు మా కన్నులు తెరువుము. వెళ్ళిపోయినవారిని తిరిగి తీసుకొని రమ్ము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.