ఏది అంగుళం?

తుళ్లూరులో హార్డ్‌వేర్ షాపుకెళ్లి అంగుళం పైపు కావాలంటే, షాపువాడు దేనికని ఎదురు ప్రశ్న వేయాల్సిందే. నీళ్లకు వాడే జీఐ పైపులో అంగుళమంటే బయటి వ్యాసం సుమారు 33.7 మిల్లీమీటర్లు. మెట్ల రెయిలింగుకు వాడే స్టీలు పైపులో 25.4. వేడినీళ్ల సీపీవీసీ పైపులో 28.6. మూడింటి పేరూ అంగుళమే. మోటారు రంపం బల్లను పైపులతో పొడిగించుకుందామని బయల్దేరిన వడ్రంగికి చిక్కంతా ఇక్కడే.

నిజానికి ఈ మెట్ట పొలాల్లో వడ్రంగికి గొట్టాల వెతుకులాట మోటారు రంపంతో మొదలవలేదు. విత్తనాల గొర్రు చేసిన ప్రతివాడికీ అది తెలుసు. గొర్రు పైన చెక్కతో తొలిచిన గిన్నె, అంటే జడ్డిగం. దాని అడుగున సాలుకొక చిల్లు. ఒక్కో చిల్లు నుంచి కర్రు వెనక్కి దిగే వెదురు గొట్టం. కర్రులు కమ్మరివి, మిగతాదంతా వడ్రంగిది. కూలి కళ్లంలో మేరగా ముట్టేది. వెదురు దొరికితే సరిపోదు, కణుపుల దగ్గర అడ్డుపొర ఉంటుంది. ఎర్రగా కాల్చిన ఇనుప చువ్వను దించి దాన్ని పొడిచేయాలి. పొర కొంచెం మిగిలినా గింజ అక్కడే ఆగిపోతుంది, ఆ సాలంతా మొలక రాదు. నూగు పత్తి గింజైతే మరీ మొండిది. గొట్టంలో అతుక్కోకుండా పేడనీళ్లలో రుద్ది ఆరబెట్టేవారు.

తెల్లదొరలకు ఈ గొర్రు పెద్ద వింత. ఇంగ్లండులో జెత్రో టల్ విత్తే యంత్రం చేసింది 1701 ప్రాంతంలో. దక్షిణాదిలో పనిచేసిన కెప్టెన్ థామస్ హాల్కాట్, అలాంటి పనిముట్టు యూరప్ వాళ్ల కొత్త కల్పనేనని అప్పటిదాకా అనుకున్నాడు. ఇక్కడి పొలంలో అది సాళ్లు తీస్తుంటే చూసి, అడిగితే తరతరాలుగా ఉన్నదేనని తెలుసుకుని, 1795లో ఉత్తరం రాశాడు. చరిత్రకారుడు ధరంపాల్ 1971లో వెలువరించిన సంకలనంలో ఆ రాత ఉంది.

తర్వాత వెదురు స్థానంలోకి రేకు గొట్టం, ఇనుప గొట్టం, చివరికి ప్లాస్టిక్ గొట్టం వచ్చాయి. ఏది వచ్చినా తంటా లేదు. గొర్రుకు కావలసింది లోపలి బోలు. బయట ఎంత లావున్నా తాడుతో కట్టేస్తే సరి.

నీళ్ల పైపుకు పేరు పెట్టిందీ ఆ లెక్కనే. 19వ శతాబ్దం మొదట్లో గ్యాసు దీపాలకు సైన్యం వదిలేసిన తుపాకీ గొట్టాలను కలిపి వాడారని చెబుతారు. 1825లో కార్నీలియస్ వైట్‌హౌస్ ఇనుప రేకును చుట్టి అతికే పద్ధతికి పేటెంటు తీసుకున్నాక పైపు చవకైంది. గ్యాసుకైనా నీళ్లకైనా లోపల ఎంత పారుతుందన్నదే లెక్క కాబట్టి పేరు లోపలి కొలతతో పడింది. తర్వాత ఉక్కు మెరుగుపడి గోడ పల్చనైంది. మరలు కుదరాలి కనుక బయటి కొలతను కదపలేదు. ఫలితం చూడండి: ఇవాళ్టి మీడియం రకం అంగుళం పైపు లోపల 27 మిల్లీమీటర్లు దాటి ఉంటుంది. లోపలా అంగుళం కాదు, బయటా కాదు!

రంపం బల్లకు మాత్రం బయటి కొలతే ప్రాణం, ఎందుకంటే అక్కడ గొట్టంలో గొట్టం జారాలి. అమెరికాలో హన్స్ గోల్డ్‌ష్మిట్ 1947లో తెచ్చిన షాప్‌స్మిత్ మెషిన్‌లోనూ బయటి కొలతే కీలకం. రెండు ఉక్కు గొట్టాలే దాని వెన్నెముక. వాటి మీద భాగాలను జరుపుకుంటూ ఒకే మోటారుతో కోత, తరిమెన, బెజ్జం అన్నీ చేసుకోవచ్చు. అలాంటి గొట్టం అరిగినా, బల్ల పొడవు చాలకపోయినా, బదులు వెతకడం అక్కడివాళ్లకూ తలనొప్పే.

తుళ్లూరు చుట్టుపక్కల పనే మారిపోయింది. ముందు ట్రాక్టర్లు అరకను వెనక్కి నెట్టాయి. 2015లో రాజధాని అమరావతి కోసం భూసమీకరణ మొదలై 33 వేల ఎకరాలకు పైగా పొలం చేతులు మారింది. ఇక గొర్రు ఎవరికి కావాలి? తలుపులు, అల్మరాలు కావాలి. వాటికొచ్చే ప్లైవుడ్ షీటు 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు. చిన్న బల్ల మీద పెట్టి కోస్తే బయటికి వేలాడిన కొస బరువుకు షీటు లేస్తుంది, రంపం పట్టేస్తుంది. పక్కన మనిషి పట్టుకోవాలి, లేదా బల్ల సాగాలి.

సాగించే ఉపాయం జీఐ పైపుల్లోనే ఉంది. ఐఎస్ 1239 ప్రమాణంలో పసుపు పట్టీ ఉంటే పల్చన, నీలం మధ్యరకం, ఎరుపు మందం. బయటి వ్యాసం దాదాపు ఒకటే, మందం లోపలికి పెరుగుతుంది. అంగుళంపావు పైపు బయట 42.4. నీలం పట్టీదైతే లోపల 36 దాకా వస్తుంది. అందులో అంగుళం పైపు లొటలొటలాడుతుంది. ఎర్ర పట్టీదైతే సుమారు 34.4. అంటే అర మిల్లీమీటరుకు కాస్త పైన సందు. జారుతుంది, ఊగదు. కాకపోతే లోపలి పొడవునా అతుకు గీత పొడుచుకొచ్చి ఉంటుంది, జింకు పూత గడ్డలూ ఉంటాయి. అందుకే తెలిసిన వడ్రంగి టేపు నమ్మడు. చిన్న పైపు ముక్కొకటి సంచిలో వేసుకెళ్లి, షాపు ముందే పెద్దదానిలోకి దూర్చి చూస్తాడు. ఇంటికొచ్చాక గుండ్రటి ఆకురాయితో అతుకు గీతను అరగదీస్తాడు. ఆకురాయి అందినంత మేరే ఆ పని సాగుతుంది. అందుకని బయటి గొట్టాన్ని పొట్టి ముక్కలుగా కోసి, బల్ల కింద ముందొకటి, వెనకొకటి బిగిస్తాడు.