కొండమీది నాట్యశాల

నాట్యోత్సవమనగానే మన తలపునకు వచ్చేవి దీపాలంకృతమైన రంగస్థలం, క్రిక్కిరిసిన సభ, పేరుగాంచిన నర్తకులు. ద్రవ్యముంటే ఇవన్నీ ఒక సంవత్సరం ఎవరైనా సమకూర్చవచ్చును. పదవ సంవత్సరం, ఏబదియవ సంవత్సరం కూడ ఆ ఉత్సవం జరగవలెనంటే మాత్రం ద్రవ్యమొక్కటే చాలదు. నేర్పేవారు, నేర్చేవారు ఒకచోట నిలిచి ఉండవలెను. పరదేశపు విద్యను వింతవస్తువుగా కాక విద్యగానే ఆదరించే మనస్సు ఉండవలెను. అమెరికా సంయుక్తరాష్ట్రాలలోని జేకబ్స్ పిల్లో నాట్యోత్సవ చరిత్ర ఈ మాటకు మంచి నిదర్శనం. ఆ చరిత్రలో భారతదేశానికి కూడ భాగమున్నది.

మసాచుసెట్స్ రాష్ట్రంలో బెర్క్‌షైర్ అనే కొండసీమ కలదు. అక్కడ బెకెట్ అనే చిన్న ఊరి సమీపాన మెలికలు తిరుగుతూ కొండపైకి సాగే బాటను పూర్వులు బైబిలులోని యాకోబు నిచ్చెనతో పోల్చినారు. అక్కడనే తలగడ ఆకారంలో ఉన్న ఒక బండరాతిని యాకోబు తలగడ అన్నారు. జేకబ్స్ పిల్లో అనే పేరుకు అర్థమదే. 1790 మొదలు కార్టర్ కుటుంబంవారు అక్కడ సేద్యం చేసినారు. దాస్యం నుండి తప్పించుకొని ఉత్తరదిక్కుగా పోయే నీగ్రో బానిసలకు ఆ ఇల్లు ఒక రహస్యపు మజిలీగా ఉండెడిది. ఆ పాత పొలాన్ని 1931 లో టెడ్ షాన్ అనే నర్తకుడు కొన్నారు.

1891 లో జన్మించిన షాన్ మొదట మతగురువు కాదలచి చదువుకొన్నవారు. కంఠరోగం వలన పక్షవాతం రాగా, అవయవాలకు మరల చలనం కలిగించుకొనేందుకు నాట్యం అభ్యసించినారు. చికిత్సగా వచ్చినది జీవనమైనది. 1914 లో ఆయన ప్రసిద్ధ నర్తకి రూత్ సెయింట్ డెనిస్‌ను వివాహమాడినారు. మరుసటి సంవత్సరం దంపతులిరువురు లాస్ ఏంజిలిసులో డెనిషాన్ అనే నాట్యపాఠశాలను స్థాపించినారు. ఆధునిక అమెరికన్ నాట్యానికి మూలపురుషులనదగిన మార్తా గ్రాహం, డోరిస్ హంఫ్రీ, చార్లెస్ వైడ్‌మన్ ఆ పాఠశాలలో తయారైనవారే.

రూత్ సెయింట్ డెనిస్ కీర్తికి మూలం 1906 లో ఆమె ప్రదర్శించిన ‘రాధ’ అనే నృత్యం. అప్పటికి ఆమె భారతదేశాన్ని చూడలేదు. ఏ భారతీయ గురువు వద్దను శిష్యరికం చేయలేదు. సిగరెట్ల ప్రకటనలోని ఒక ఈజిప్టు దేవతాచిత్రం ఆమె మనస్సును తూర్పునకు త్రిప్పినది. గ్రంథాలు, చిత్రాలు, స్వకీయమైన ఊహ కలసి ఆ నృత్యమైనవి. 1925 లో డెనిషాన్ బృందం ఆసియా పర్యటనకు బయలుదేరి జపాను, చైనా, బర్మా, భారతదేశం, సింహళం, జావా మొదలైన దేశాలను దర్శించినది. వెళ్ళినచోటల్లా షాన్ స్థానిక నాట్యాలను పరిశీలించి, సాధ్యమైనచోట పాఠాలు నేర్చినారు. శివతాండవాన్ని ఇతివృత్తంగా గ్రహించి ఒక నృత్యం కూర్చినారు. ఆయనలో గౌరవం కలదు. అయితే కొన్ని వారాల మజిలీలో గురుముఖవిద్య ఎంత అలవడగలదు?

ఆ 1925 లోనే కాంచీపురం కామాక్షీ అమ్మవారి ఆలయంలో ఏడేండ్ల బాలిక ఒకతె అరంగేట్రం చేసినది. ఆమె వీణ ధనమ్మాళ్ మనుమరాలు బాలసరస్వతి. గురువు కందప్ప పిళ్ళై. దేవదాసీల ఆటను నిర్మూలించవలెనని మనదేశంలో విద్యావంతులే ఉద్యమం నడుపుతూండిన రోజులవి. డెనిషాన్ బృందానికి ఆమె ఉనికి తెలియదు. వారు వెతకిన విద్య ఆమె ఇంటిలో ఉన్నది. ఈ రెండు దారులు కలియుటకు ముప్పదియేడు సంవత్సరాలు పట్టినది.

1930 ప్రాంతాన దంపతులు వేరుపడినారు, డెనిషాన్ కూడ ముగిసినది. అప్పుడు షాన్ కొండమీది పొలాన్ని ఆశ్రయించినారు. నాట్యం పురుషులకు తగిన వృత్తి కాదనే అపోహ అమెరికాలో బలంగా ఉండెను. దానిని తొలగించదలచి 1933 లో ఆయన కేవలం పురుషులతో ఒక బృందాన్ని కూర్చినారు. ఆ యువకులు ఉదయం నాట్యం అభ్యసించి, తక్కిన వేళ గోడలు కట్టి, కలప కోసి, తోటపని చేసినారు. ధాన్యపు కొట్టం అభ్యాసశాల అయినది. ఆ వేసవిలో పొరుగువారిని తేనీటి విందుకు పిలిచి, షాన్ నాట్యాన్ని గురించి ప్రసంగించగా శిష్యులు ఆడి చూపినారు. ఉత్సవానికి అంకురం ఆ విందులే. శీతకాలంలో బృందం దేశమంతట తిరిగి ప్రదర్శనలిచ్చినది. 1940 లో రద్దయ్యేనాటికి ఏడువందల యేబదికి పైగా పట్టణాలలో పన్నెండువందల యేబదికి పైగా ప్రదర్శనలు జరిగినవి.

ఇంత శ్రమకును పొలంమీది అప్పు తీరలేదు. 1940 లో మేరీ వాషింగ్టన్ బాల్ అనే ఉపాధ్యాయిని దానిని అద్దెకు గైకొని వివిధ రీతుల నాట్యాలతో ఉత్సవం నడిపినారు. కళాదృష్టితో జయమైనది, ధనదృష్టితో నష్టమైనది. మరుసటి వేసవిలో ఇంగ్లండు నుండి వచ్చిన బాలే నర్తకులు అలీసియా మార్కోవా, ఆంటన్ డోలిన్ అక్కడ విడిదిచేసి ఉత్సవం జరిపినారు. దీనితో స్థానికులకు విశ్వాసం కుదిరినది. వారు ఒక సంఘంగా ఏర్పడి 50,000 డాలర్లు సేకరించి స్థలాన్ని కొని నాట్యశాల కట్టించినారు. 1942 జూలై 9 న దాని ద్వారాలు తెరువబడినవి. అమెరికాలో ప్రత్యేకించి నాట్యం కొరకే నిర్మింపబడిన మొదటి రంగశాల అదియే. యుద్ధం వలన పెట్రోలు దొరకని ఆ కాలంలో ప్రేక్షకులనేకులు కాలినడకన కొండనెక్కినారు.

షాన్ ఏర్పరచిన క్రమం గమనింపదగినది. ఒకే సాయంకాలపు కార్యక్రమంలో బాలే, ఆధునిక నాట్యం, వివిధ జాతుల సంప్రదాయ నాట్యం మూడును ఉండవలెను. బాలేకై వచ్చిన ప్రేక్షకుడు తానెరుగని నాట్యాన్ని కూడ చూడవలసి వచ్చెడిది. పాఠశాలలోను ఇదే నియమం. ఏ విద్యార్థియు ఒక్క పద్ధతితో సరిపెట్టుకొనరాదు. ఉపాధ్యాయులే రంగస్థలంపై ఆడుటచేత, పగలు విన్న పాఠానికి రాత్రి చూచిన ప్రదర్శన వ్యాఖ్యానమైనది.

అక్కడ బోధించినవారిలో లా మేరీ ఒకరు. ఈ అమెరికన్ నర్తకి భారతదేశానికి వచ్చి మదరాసులో పాపనాశం వడివేలు పిళ్ళై వద్ద నాట్యం అభ్యసించినారు. 1940 లో రూత్ సెయింట్ డెనిస్‌తో కలసి న్యూయార్కులో నాట్యపాఠశాల స్థాపించినారు. 1944 లో ‘స్వాన్ లేక్’ అనే ప్రసిద్ధ బాలే కథను భారతీయ హస్తాభినయంతో ప్రదర్శించినారు. ‘రాధ’ ఊహనుండి పుట్టినది. లా మేరీ విద్య గురువునుండి వచ్చినది. అయినను ఆమె అనేక దేశాల నాట్యాలను నేర్చి చూపినవారు. ఒకే సంప్రదాయంలో పుట్టి పెరిగినవారి విద్య ఇంకను రావలసియుండెను.

పరదేశపు బృందాలను ఆహ్వానించుటలో షాన్ సాహసం చూపినారు. 1953 లో కెనడా జాతీయ బాలే, 1955 లో డెన్మార్కు రాజనర్తకులు పదిమంది అమెరికాలో తొలుత ఆడినది ఆ కొండమీదనే. ఇందుకు సంతసించి డెన్మార్కు రాజు 1957 లో షాన్‌ను బిరుదుతో సత్కరించినారు.

1962 లో బాలసరస్వతి అక్కడకు వచ్చినారు. అమెరికాలో ఆమెకు అదే తొలి పర్యటన. ఆమె తనతో తెచ్చినది తరతరాలుగా ఇంటిలో దాగిన సంగీతం, అభినయం. ఆ సంపదలో మన మువ్వ గ్రామపు క్షేత్రయ్య పదాలు ముఖ్యమైనవి. తమిళసీమలో పుట్టిన నర్తకి నోట, చేతులలో, కన్నులలో తెలుగు పదం నిలిచి ఉన్నది. ఒక్క పాదానికే మరల మరల కొత్త భావం చూపే ఆ అభినయానికి వేగమూ విన్యాసమూ ప్రధానం కావు. తరువాతి సంవత్సరాలలో ఆమె అమెరికన్ విద్యాలయాలలో పాఠాలు చెప్పినారు. సోదరులు రంగనాథన్, విశ్వనాథన్ వెస్లియన్ విశ్వవిద్యాలయంలో మృదంగం, సంగీతం బోధించినారు. ఆహ్వానం ప్రదర్శనతో ముగియక పాఠంగా మారినప్పుడే దేశాలమధ్య సహకారం సార్థకమైనది.

1964 లో షాన్, రూత్ తమ వివాహ స్వర్ణోత్సవాన పిల్లోలో కలసి నర్తించినారు. 1972 లో షాన్ మరణించినారు. స్థాపకుని వెంటనే ఇటువంటి సంస్థలు అంతరించుట లోకంలో తరచు చూచేదే. పిల్లో నిలిచినది, పాఠశాల సాగినది, పాత ప్రదర్శనల చిత్రాలు భద్రపరుపబడినవి. 2003 లో ప్రభుత్వం దానిని జాతీయ చారిత్రకస్థలంగా గుర్తించినది. 2020 లో మహమ్మారి వలన వేసవి ఉత్సవం ఆగినది. అదే సంవత్సరం నవంబరులో రెండవ రంగశాల అగ్నికి ఆహుతియైనది. 2025 లో దాని స్థానంలో కొత్తది వెలసినది.

కాలిన శాలను మరల కట్టవచ్చును. అప్పు కొంత ఆలస్యమైనను తీరగలదు. కాని కాంచీపురంలో ఆడిన ఆ బాలికకు పాఠం చెప్పే గురువు నాడు లేకుండినచో, 1962 లో ఎంత ద్రవ్యం వెచ్చించినను ఆ కొండమీదికి ఆ విద్య వచ్చియుండదు. ఉత్సవాలు జరిపేవారు మొదట లెక్కించుకొనవలసినది ప్రేక్షకులను కాదు. తమ కళకు మిగిలియున్న గురువులను, వారి ముందు కూర్చున్న పిల్లలను.