చర్చి రిజిస్టర్లును వంశచరిత్రలును: హోసూరు, కృష్ణగిరి ప్రాంతముల తెలుగువారికొక సూచన

రాజవంశముల చరిత్ర వ్రాయువారికి శాసనములు, నాణెములు, కావ్యావతారికలు తోడ్పడును. ఒక కాపు కుటుంబము, ఒక కరణపు ఇల్లు, ఒక నేతగాని వంశము ఎచ్చటనుండి ఎప్పుడు వచ్చినదో తెలిసికొనగోరువారికి అట్టి ఆధారములు తఱచుగా లభింపవు. హోసూరు, కృష్ణగిరి ప్రాంతముల తెలుగు కుటుంబములలో పెద్దలను పూర్వస్థానమును గూర్చి అడిగినచో, విజయనగర ప్రభువుల కాలమున వచ్చితిమనియో, పెనుగొండ సీమనుండి వచ్చితిమనియో చెప్పువారు కలరు. ముత్తాత తండ్రి పేరడిగినచో మాట ఆగిపోవును. ఇంగ్లండులోనైనచో సామాన్యమైన సేద్యగాని సంతతివారు సైతము మూడు నాలుగు వందల యేండ్ల క్రిందటి తమ పూర్వుల పేర్లను, పెండ్లి దినములను అనేక సందర్భములలో చూపగలుగుచున్నారు. ఈ భేదమునకు కారణము వారి జ్ఞాపకశక్తి కాదు. వారి గ్రామపు చర్చిలోనుండిన ఒక పుస్తకము. ఆ పుస్తకపు చరిత్రను, అది మన సీమకు వచ్చిన విధమును, దానినుండి మనము నేర్వదగిన పద్ధతిని ఈ వ్యాసమున వివరింతును.

ఇంగ్లండులో రిజిస్టర్ల పుట్టుక

ఎనిమిదవ హెన్రీ రాజు కాలమున, 1538లో, మంత్రి తామస్ క్రామ్వెల్ ఒక ఆజ్ఞ నొసగెను. ప్రతి పారిష్‌లో, అనగా ఒక చర్చికి లోబడిన గ్రామసీమలో, జరిగిన బాప్తిస్మములను, వివాహములను, ఖననములను గురువు ఒక పుస్తకమున వ్రాయవలెనని దాని సారాంశము. 1598 మొదలు ప్రతి సంవత్సరము ఆ పుస్తకమునకొక నకలు బిషప్పునకు పంపవలెనని నియమమేర్పడెను. 1603 నాటి నిబంధనల ప్రకారము రిజిస్టరును మూడు తాళముల పెట్టెలో నుంచి, ఒక తాళపుచెవి గురువునొద్దను, తక్కిన రెండును చర్చి వార్డెన్లయొద్దను ఉంచవలసియుండెను. ఒకడు తలచినంతమాత్రమున ఆ పుస్తకమును దిద్దుటకు వీలులేకుండెను.

1753 నాటి వివాహచట్టము వలన వధూవరుల సంతకములు, సాక్షుల సంతకములు రిజిస్టరులో చేరెను. 1813 మొదలు అచ్చుపత్రములు వచ్చెను. బాప్తిస్మపు పత్రమున బిడ్డపేరు, తలిదండ్రుల పేర్లు, నివాసము, తండ్రి వృత్తి, సంస్కారము జరిపిన గురువు పేరు వేర్వేరు గళ్లలో వ్రాయబడెను. 1837లో ప్రభుత్వమే జననమరణములను నమోదు చేయ నారంభించినది. అంతకుముందటి మూడు శతాబ్దుల సామాన్య ప్రజల చరిత్రకు చర్చి పుస్తకమే ముఖ్యాధారము.

మద్రాసునుండి లండనునకు

ఈస్టిండియా కంపెనీవారు ఈ యలవాటును తమ వెంట తెచ్చిరి. మద్రాసు సెయింట్ జార్జి కోటలోని సెయింట్ మేరీ చర్చి 1680 అక్టోబరు 28న ప్రతిష్ఠింపబడెను. కొలది దినములకే, నవంబరు 4న, ఎలీహూ యేల్ వివాహము అచ్చట జరిగెను. 1753లో రాబర్ట్ క్లైవు వివాహమును ఆ చర్చిలోనే జరిగినది. మద్రాసు రాజధానిలోని చర్చి రిజిస్టర్ల నకళ్లు లండనునకు పంపబడుచుండెను. 1698 మొదలైన ఆ నకళ్లు నేడు లండనులోని బ్రిటిష్ లైబ్రరీలో, పూర్వపు ఇండియా ఆఫీసు రికార్డులలో భద్రముగానున్నవి. ఇచ్చటి మూలప్రతిని చెదలు తినినను అచ్చటి నకలు మిగిలియుండుట ఈ యేర్పాటువలన కలిగిన మేలు.

మన ప్రాంతమునకు సంబంధించిన పత్రములను వెదకువారు ముందుగా పరిపాలన చరిత్రను తెలిసికొనవలెను. కృష్ణగిరితో కూడిన బారామహల్ సీమ 1792లో శ్రీరంగపట్టణపు సంధివలన కంపెనీవారి వశమాయెను. బాలాఘాటు అని పేరొందిన హోసూరు భాగము 1799లో టిప్పు సుల్తాను పతనానంతరము చేరెను. పిమ్మట ఈ రెండును సేలము జిల్లాలో నుండెను. 1965లో ధర్మపురి జిల్లాయు, 2004లో కృష్ణగిరి జిల్లాయు ఏర్పడెను. కాబట్టి 19వ శతాబ్దపు పత్రములను కృష్ణగిరి జిల్లా పేర వెదకిన దొరకవు. సేలము పేర వెదకవలెను. బెంగుళూరు దండుప్రదేశము హోసూరునకు సమీపమున నున్నది. అచ్చట 1808లో ఆరంభమై 1812లో ముగిసిన సెయింట్ మార్క్ చర్చి కలదు. గురువు లేని చిన్న ఊరి దొరల యింట పుట్టిన బిడ్డకు పెద్ద కేంద్రములోని గురువు బాప్తిస్మమిచ్చుట సహజము. కావున హోసూరులో జరిగిన పుట్టుకకు ఆధారము సేలములోను లేనిచో బెంగుళూరున వెదకుట యుక్తము.

ఊరిపేర్ల వ్రాతయు చిక్కు కలిగించును. హోసూరు పాత ఆంగ్ల పత్రములలో ‘ఊసూరు’ అనియు, కృష్ణగిరి ‘కిస్ట్నగెరీ’ అనియు కానవచ్చును. ఒక్క రూపమునే పట్టుకొని వెదకువారికి నిరాశయే మిగులును.

ఒక ఉదాహరణము

సర్ తామస్ మన్రో పేరు మన ప్రాంతమున సుపరిచితము. ఆయన 1761లో స్కాట్లండులోని గ్లాస్గో నగరమున వర్తకుని యింట జన్మించెను. 1792 మొదలు 1799 వరకు కెప్టెన్ అలెగ్జాండర్ రీడునకు సహాయుడుగా బారామహలులో పనిచేసెను. పిమ్మట దత్తమండలములకు కలెక్టరై, 1820లో మద్రాసు గవర్నరై, 1827 జూలై 6న పత్తికొండలో విషూచితో మరణించెను. శరీరము గుత్తిలో ఖననము చేయబడెను. 1831లో అస్థులను మద్రాసు సెయింట్ మేరీ చర్చికి తరలించిరి.

ఈ యొక్క జీవితము వంశపరిశోధకునకు మూడు పాఠములు నేర్పును. పుట్టుక ఒక దేశమున, ఉద్యోగము వేఱొక దేశమున నుండుటచే ఒక్క చోటి పత్రముతో జీవితము పూర్తికాదు. మరణించిన ఊరు, ఖననమైన ఊరు, స్మారకమున్న ఊరు వేర్వేరు కావచ్చును. సమాధిఫలకమును చూచినంతనే అచ్చటనే మరణించెనని నిర్ణయింపరాదు. గొప్పవాని విషయమున ఇవన్నియు జీవితచరిత్రలలో దొరకును. సామాన్య సిపాయి విషయమున రిజిస్టరులోని ఒక్క పంక్తియే శరణ్యము.

ఆ పుస్తకములకును లోపములు కలవు. కంపెనీ సైనికులకు ఈ దేశపు స్త్రీలయందు కలిగిన బిడ్డల బాప్తిస్మము వ్రాయునప్పుడు తండ్రిపేరు వ్రాసి, తల్లిపేరు విడిచివేసిన సందర్భములనేకములు. ఆ తల్లులలో తెలుగు స్త్రీలును ఉండిరనుట నిస్సందేహము. నేడు వారి సంతతివారు తండ్రి వైపున గ్లాస్గో వరకు పోగలిగినను తల్లి వైపున ఒక్క అడుగైనను వేయజాలకున్నారు. వ్రాసినవాని దృష్టికి అక్కఱలేనిది చరిత్రకు అందకుండ పోవునని దీనివలన గ్రహింపవచ్చును.

మన యొద్దనున్న ఆధారములు

చర్చి రిజిస్టరు తన సభ్యులకొఱకు వ్రాసికొన్న పుస్తకము. ఇచ్చటి తెలుగు క్రైస్తవ కుటుంబములకు తమ తమ చర్చిల పుస్తకములు నేరుగా ఉపకరించును. తక్కినవారికి అట్టి యొకే పుస్తకము లేకపోయినను, అందులోని విషయములు వేర్వేరు చోట్ల చెదరియున్నవి.

తర్పణవిధి గల కుటుంబములలో తండ్రి, తాత, ముత్తాతల పేర్లతోపాటు తల్లి, బామ్మ, ఆమె అత్తగార్ల పేర్లును, మాతామహుల వైపు పేర్లును ఉచ్చరింపబడును. దొర రిజిస్టరు విడిచిన తల్లిపేరును మన తర్పణము విడువలేదు. కాని ప్రతి తరమునందు ఒక పేరు చేరి ఒక పేరు జాఱిపోవును. వ్రాసి యుంచినగాని నాలుగవ తరము నిలువదు. సేద్యపు కుటుంబములకు పిచ్చుకగుంట్లవారు గోత్రములను, వంశక్రమమును గానము చేయుచుండిరి. కాశీ, గయ క్షేత్రములలోని పండాల బహీలలో యాత్రికుల పేర్లు, ఊళ్లు వ్రాయబడినవి. 1858లో ఏర్పడిన ఇనాము కమిషను సిద్ధపఱచిన రిజిస్టర్లలో ఇనాముదారుల పేర్లు, మొదట దానము పొందినవారి వివరములు కలవు. రీడు, మన్రోల కాలపు బారామహల్ రికార్డులు అచ్చయినవి. ఇట్టి ప్రభుత్వ పత్రములకు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు రాష్ట్ర పత్రాలయము ముఖ్యస్థానము. లగ్నపత్రికలు, క్రయదస్తావేజులు, జాతకచక్రములు ఇంటింటి పెట్టెలలోనే యుండును.

వీనిని చదువుటలో కాలనిర్ణయము ముఖ్యము. ఇంగ్లండులో 1752కు పూర్వము సంవత్సరము మార్చి 25న ఆరంభమగుచుండెను. అందువలన నాటి ఫిబ్రవరి తేదీని నేటి లెక్కలోనికి మార్చునపుడు ఒక యేడు తేడా వచ్చును. మన పత్రములలో ‘దుందుభి’ అని మాత్రమున్నచో అది 1802 కావచ్చును, 1862 కావచ్చును, 1922 కావచ్చును. పత్రములోని మనుష్యుల వయస్సు, స్టాంపు కాగితము, నాటి అధికారి పేరు చూచి నిర్ణయింపవలెను. ఇంటి పేరు, గోత్రము ఒక్కటైనంత మాత్రమున ఒకే వంశమని తలపరాదు. ఊరు, వృత్తి, బంధుత్వము కూడ సరిపోవలెను.

కర్తవ్యము

ఈ పరిశ్రమకు కాలవ్యవధి తక్కువ. మన పెట్టెలలోని పత్రములు చాలవఱకు తెలుగు లిపిలో నున్నవి. 2006 నాటి చట్టముచే తమిళనాటి పాఠశాలలలో తమిళము తప్పనిసరి పాఠ్యమైన పిమ్మట, ఇంట తెలుగు మాటలాడుచు తెలుగు అక్షరము నెఱుగని బాలబాలికలు మన ప్రాంతమున పెరుగుచున్నారు. తమిళము నేర్చుట మంచిదే; ఏ నేలపై నివసింతుమో ఆ నేల భాష మనదే. అయినను తాత చేతివ్రాతను మనుమడు చదువలేనినాడు ఆ కాగితము ఉండియు లేనట్లే యగును.

కావున ప్రతి కుటుంబమువారు ఇంగ్లండు రిజిస్టరు పద్ధతి ననుసరించి ఒక పుస్తకము నారంభింపవలెను. ఒక్కొక్క జననమునకు, వివాహమునకు, మరణమునకు ఒక్కొక్క పంక్తి కేటాయించి, తేదీ, ఊరు, తలిదండ్రులిరువురి పేర్లు, వృత్తి, ఆ సంగతి చెప్పినవారి పేరు వ్రాయవలెను. కోడలి పుట్టినింటి పేరు, ఊరు తప్పక చేర్పవలెను. విన్నదానిని, పత్రమున చూచినదానిని వేఱుగా గుర్తింపవలెను. తెలుగు, తమిళ లిపులు రెండింటను వ్రాసిన మఱింత మేలు. ఒక ప్రతి ఇంటనుంచి, నకలును సంఘమునకో, వేఱొక ఊరి బంధువునకో ఒప్పగింపవలెను. ఇంగ్లండు గ్రామపు గురువులు విద్వాంసులని గాని, చరిత్రకారులని గాని ఆ పుస్తకములు నిలువలేదు. జరిగినది జరిగిననాడే వ్రాసి, నకలును దూరమునకు పంపినందున నిలిచినవి. మన పెద్దలు జీవించియుండగానే ఆ పని మనమును ఆరంభింతము గాక.