చక్కెరను కొలుచు పొరలు

తెనాలి చెంతనున్న జంపనిలో నేడు మధుమేహరోగి యింటనే వ్రేలు గ్రుచ్చి, ఒక్క నెత్తుటి బొట్టుతో చక్కెర యెంతయున్నదో తెలిసికొనగలడు. ఒకనాడు వైద్యులు మూత్రమును బెనెడిక్టు ద్రావకముతో కాచి, నీలిరంగు ఆకుపచ్చయై, పసుపై, తుదకు ఇటుకరంగగుటను బట్టి రోగతీవ్రతను ఊహించెడివారు. చక్కెర మిక్కిలి తగ్గినప్పటి ప్రాణాపాయము ఆ పరీక్షకు అందనే అందదు.

ఈ మార్పునకు మూలపురుషుడు అమెరికా శాస్త్రజ్ఞుడు లేలండు క్లార్కు. అతడు రక్తమందలి ప్రాణవాయువును ప్లాటినముతో విద్యుత్తు ద్వారా కొలువబూనెను. నెత్తుటిలోని మాంసకృత్తులు ప్లాటినమునకు పట్టి లెక్కను చెరచుచుండెను. నడుమ పాలిథీను పొర నొకదానిని కప్పగా ప్రాణవాయువు దాటెను, మాంసకృత్తులు నిలిచిపోయెను. 1956లో ఈ సంగతి ప్రకటితమయ్యెను. 1962లో క్లార్కు, లయన్సు అనువారలు గ్లూకోజు ఆక్సిడేజు అను ఎంజైమును పొరచాటున నిలిపిరి. అది చక్కెరను ప్రాణవాయువుతో కలిపి గ్లూకోనికామ్లమును, హైడ్రోజను పెరాక్సైడును పుట్టించును. తరిగిన వాయువునో, పుట్టిన పెరాక్సైడునో కొలిచినచో చక్కెర లెక్క తేలును. 1967లో అప్‌డైకు, హిక్సు ఎంజైమును జెల్లీవంటి పదార్థమున బంధించిరి.

ఎంజైము దొరకినంతనే పని ముగియలేదు. అసలు చిక్కంతయు పొరలదే. ఉసిరికాయలో సమృద్ధిగా నుండు సి విటమినును, రక్తమందలి యూరికామ్లమును గూడ ప్లాటినమువద్ద విద్యుత్తును పుట్టించును. లేని చక్కెర ఉన్నట్లు తోచును. ఆ లెక్కను నమ్మి ఇన్సులిను ఎక్కించిన రోగి గతి యేమి? అందుచే ఎంజైము క్రింద సెల్యులోజు ఎసిటేటు పొర నుంచిరి. పెరాక్సైడు అందు దూరును. ఆ ఆమ్లములు చాలవరకు ఆగును. జ్వరపు మాత్రయగు పారాసిటమాలును ఆపుట మాత్రము మరింత కష్టము. దానికి విద్యుదావేశము లేదు.

వెలిపొర పని విచిత్రము. కొలువవలసిన చక్కెరనే అది అడ్డగింపవలెను! శరీరకణజాలమున ప్రాణవాయువుకంటె చక్కెర ఎన్నో రెట్లు అధికము. అంతయు లోనికి వచ్చినచో వాయువు అయిపోవును. పిమ్మట చక్కెర ఎంత పెరిగినను అంకె కదలదు. కృష్ణా కాలువ తూమునకు తలుపు దించినట్లు, వెలిపొర చక్కెరను కొద్దికొద్దిగా వదలి, వాయువును ధారాళముగా పోనిచ్చును. 1982లో జపానున షిచిరి బృందము చర్మము క్రింద గ్రుచ్చు సూదికి పాలియురిథేను వెలిపొరను తొడిగినది. పొర మందమైనకొలది తప్పులు తగ్గును గాని జవాబు ఆలస్యమగును; పలుచనైన తొందరగా పాడగును.

నేడు చర్మము క్రింద పలుదినములు నిలుచు సాధనములు వచ్చినవి. వానిచుట్టు శరీరము తానుగా మరియొక పొరను అల్లుచున్నది. దాని మందమును నిర్ణయించుట ఇంకను ఎవరి చేతిలోను లేదు.