గని అనే ఊరు

కర్నూలు జిల్లా జొన్నగిరిలో తొలకరి జల్లు పడిందంటే విత్తనాల కంటే ముందు మనుషులు చేలల్లోకి దిగుతారు. ఊరివాళ్లే కాదు, పక్క జిల్లాల నుంచి, కర్ణాటక నుంచి కూడా వస్తారు. చెట్ల కింద పట్టాలు కట్టుకుని, వండుకు తింటూ రోజుల తరబడి అక్కడే ఉంటారు. నడుం వంచి, చూపు నేల మీదే నిలిపి, ఒక్కో అడుగూ ఆచితూచి వేస్తారు. వాన మెత్తటి మట్టిని కడిగేసి గులకరాళ్లను పైకి తేలుస్తుంది. ఎండ ఏటవాలుగా పడే వేళ ఆ గులకల్లో ఏదో ఒకటి తళుక్కుమంటుందని ఆశ. సానపట్టని వజ్రానికి నగల కొట్లో కనిపించే జిగి ఉండదు. చిన్న పటిక ముక్కలా, నూనె చేత్తో తాకినట్టు జిడ్డు మెరుపుతో ఉంటుంది. నీళ్లు దానికి అంటవు, జిడ్డయితే ఇట్టే పట్టుకుంటుంది.

'వజ్రాల వేట' అని ఏటా పేపర్లలో వచ్చే ఆ ఫొటోలు చూసినప్పుడల్లా నాకు మార్కోపోలో గుర్తొస్తాడు. 13వ శతాబ్దం చివర్లో ఆ వెనిస్ యాత్రికుడు మన మోటుపల్లి రేవును 'ముత్ఫిలి' అన్నాడు. ఆ రాజ్యాన్ని ఒక రాణి ఎంతో న్యాయంగా ఏలుతోందని రాశాడు. ఆమె రుద్రమదేవి అని చరిత్రకారులు పోల్చారు. ఆ పుస్తకంలో అందరికీ గుర్తుండేది గద్దల కథ. పాములు నిండిన లోయలోకి మాంసం ముక్కలు విసిరితే వాటికి వజ్రాలు అంటుకుంటాయి. గద్దలు ఆ ముక్కల్ని ఎత్తుకుపోతాయి, మనుషులు వెంటబడి వజ్రాలు రాబట్టుకుంటారు. వజ్రం కొవ్వుకు అంటుకుంటుందన్నంత వరకూ ఈ కథలో నిజముంది. కానీ అదే చోట అతను రాసిన మరో సంగతి మీద చాలామంది చూపు నిలవదు. వానాకాలంలో కొండల మీంచి నీళ్లు ఉరికి వస్తాయట. వాన వెలిశాక జనం ఆ వాగుల్లో దిగి వజ్రాలు ఏరుకుంటారట. గద్దలు లోకమంతా తిరిగే కథ. ఈ వాగుల మాట మాత్రం ఇక్కడిది, ఇప్పటికీ జరుగుతున్నది.

గోల్కొండ వజ్రాలు అని పేరే గానీ గోల్కొండలో ఒక్క వజ్రమూ పుట్టలేదు. కోట, దాని పక్కనున్న కార్వాన్ బేరాలు జరిగిన చోట్లు. వజ్రాల పుట్టిల్లు కృష్ణ ఒడ్డు, రాయలసీమ చేలు. వాటిలో పేరుమోసింది పల్నాడు ప్రాంతంలో బెల్లంకొండ మండలంలోని కొల్లూరు. నదికి దక్షిణపు గట్టున ఉండేది. 'ఉండేది' అనే అనాలి. 2013లో పులిచింతల ప్రాజెక్టు ప్రారంభమైంది, కొల్లూరు మునక ఊళ్ల జాబితాలో చేరింది.

ఆ ఊరిని కళ్లకు కట్టినట్టు చూపించినవాడు ఫ్రెంచి నగల వర్తకుడు జాన్ బాప్తిస్త్ తావెర్నియే. 17వ శతాబ్దంలో ఆరుసార్లు తూర్పు దేశాలకు వచ్చి, తన యాత్రల్ని 1676లో పుస్తకంగా అచ్చు వేయించాడు. గోల్కొండ నుంచి తూర్పుగా 7 రోజుల ప్రయాణంలో ఉన్న ఈ ఊరిని ఇక్కడి భాషలో 'గని' అంటారని, పారసీకంలో కొల్లూరు అంటారని రాసుకున్నాడు. నాకిది చదివినప్పుడల్లా ఒళ్లు జలదరిస్తుంది. ఇదేమిటని అతను ఎవరినో అడిగి ఉంటాడు. ఆ కూలో, ఆ బండివాడో 'గని' అని ఉంటాడు. ఆ తెలుగు మాట అట్లాగే ఊరి పేరై ఫ్రెంచి అచ్చులోకి ఎక్కింది.

తాను రావడానికి సుమారు నూరేళ్ల ముందు ఒక పేదవాడు చిరుధాన్యం చల్లుకుందామని నేల తవ్వుతుంటే 25 క్యారెట్ల రాయి దొరికిందని, అక్కడి నుంచే ఈ గని మొదలైందని తావెర్నియే విన్నాడు. అతను చూసేనాటికి అక్కడ 60 వేల మంది పనిచేస్తున్నారు. మగవాళ్లు తవ్వుతారు, ఆడవాళ్లు, పిల్లలు మట్టి మోస్తారు. పని మొదలుపెట్టే ముందు దేవుడి ప్రతిమ పెట్టి మొక్కుతారు, కలిసి భోజనం చేస్తారు. తవ్విన చోటికి దగ్గర్లోనే నేల చదును చేసి చుట్టూ రెండడుగుల గోడ కడతారు. మట్టిని అందులో పోసి, నీళ్లతో నానబెట్టి, గంజిలా అయ్యాక అడుగు కంతల్లోంచి వదిలేస్తారు. రెండు మూడుసార్లు అలా కడిగి మిగిలినదాన్ని ఎండబెడతారు. ఎండాక చేటలకెత్తి తూర్పారబడతారు. సన్నటి దుమ్ము గాలికి పోతుంది. గడ్డలు మిగిలితే రోకళ్లలాంటి పెద్ద దుడ్లతో దంచుతారు, మళ్లీ చెరుగుతారు. చివరికి వరుసగా కూర్చుని చేతివేళ్లతో వెతుకుతారు. పది పన్నెండు అడుగుల లోతుకు వెళ్లేసరికి నీళ్లు పడతాయి, ఇక అక్కడ ఆపేయడమే. కళ్లంలో వడ్లు చెరిగే పనితనమే గని దగ్గరకూ వచ్చింది. రైతుకూలీ ఇంటి చేట, రోకలి తప్ప వేరే యంత్రమేమీ లేదు.

ఇంతా చేస్తే కూలి ఎంత? గోల్కొండకు 5 రోజుల దూరంలోని మరో గనిలో, పని బాగా తెలిసిన మనిషికి సైతం ఏడాదికి 3 వరహాలని అతను లెక్క రాశాడు. పెద్ద రాయి దొరికి యజమానికి అప్పగిస్తే తలగుడ్డా, కాస్త డబ్బూ బహుమానం. కడుపు మండి కొందరు రాళ్లు మింగేసేవారు. ఒకడు కంటి కొసన దాచుకున్నాడు. కాపలావాళ్లు లెక్కకు మించి ఉండేవారు. తావెర్నియే కంటే ముందే మచిలీపట్నం నుంచి గని చూడ్డానికి వెళ్లిన ఆంగ్లేయ వర్తకుడు విలియం మెథోల్డ్ కూడా అక్కడి ఏర్పాట్ల సంగతి రాశాడు. గనిని ఏడాదికి 3 లక్షల వరహాలకు గుత్తకిచ్చి, 10 క్యారెట్లు దాటిన రాయి ఏది దొరికినా తనదేనని గోల్కొండ సుల్తాను షరతు పెట్టుకున్నాడు.

ఆ మరో గని ఊళ్లోనే తావెర్నియే చూసిన ఇంకో దృశ్యం ఉంది. పొద్దున్నే ఊరి మధ్య పెద్ద చెట్టు కింద వర్తకుల పిల్లలు వచ్చి కూర్చుంటారు. అందరూ పది నుంచి పదహారేళ్ల లోపువాళ్లే. ఒక్కొక్కడి నడుముకు ఒక పక్క తూనిక రాళ్ల సంచి, మరో పక్క 500, 600 వరహాల సంచి. ఎవరైనా రాయి తెస్తే వాళ్లలో పెద్దవాడి చేతిలో పెడతారు. అతను చూసి పక్కవాడికిస్తాడు. మాటా పలుకూ లేకుండా రాయి అందరి చేతులూ తిరిగి వస్తుంది. అప్పుడు బేరం. సాయంత్రం కొన్నవన్నీ ముందేసుకుని తేటదనాన్నిబట్టి, తూకాన్నిబట్టి వేరు చేస్తారు. తూకం లెక్క మన మంజాడి గింజ. ఐరోపా వర్తకుల పుస్తకాల్లో అదే 'మాంజలిన్' అయింది.

పెద్దవాళ్ల బేరం ఇంకా చిత్రం. అమ్మేవాడు, కొనేవాడు ఎదురెదురుగా కూర్చుంటారు. నడికట్టు కొంగు చేతుల మీద కప్పుకుని, ఆ గుడ్డ మాటున ఒకరి చేయి ఒకరు పట్టుకుంటారు. చేయంతా పట్టుకుంటే వెయ్యి. ఐదు వేళ్లు 500, ఒక వేలు 100. వేలు నడిమి కణుపు వరకైతే 50, కొస ఒక్కటే అయితే 10. చుట్టూ ఎంతమంది ఉన్నా ధర ఎవరికీ తెలియదు. ఒకే చోట కూర్చుని ఒకే రాయి రెండు మూడుసార్లు చేతులు మారినా తెలియదు.

1702లో మద్రాసు కోట గవర్నరు థామస్ పిట్ 410 క్యారెట్ల ముడి రాయిని జమ్‌చంద్ అనే వర్తకుడి దగ్గర 48 వేల వరహాలకు కొన్నాడు. ఏడాదికి 3 వరహాల కూలి లెక్కన అది 16 వేల ఏళ్ల కష్టం. ఇంగ్లండులో సానపట్టించాక 140 క్యారెట్ల పైచిలుకు మిగిలింది. 1717లో ఫ్రాన్సు రాజప్రతినిధి దాన్ని లక్షా 35 వేల పౌండ్లకు కొనడంతో దానికి 'రీజెంట్' అని పేరు స్థిరపడింది. ఆ సొమ్ముతో నిలదొక్కుకున్న పిట్ వంశంలోంచి ఇద్దరు బ్రిటన్ ప్రధానులయ్యారు. రాయి నెపోలియన్ కత్తిపిడిలో మెరిసి, ఇప్పుడు పారిస్ లూవ్ర్ మ్యూజియంలో ఉంది. దీని వెనక ఒక కథ చెబుతారు. గనిలో ఒక బానిస తన కాలికి తనే గాయం చేసుకుని, కట్టు కింద రాయి దాచి సముద్రం దాకా వచ్చాడట. ఓడ కెప్టెను రాయి లాక్కుని అతన్ని నీళ్లలోకి తోసేశాడట. కథే కావచ్చు. కానీ ఆ కథలో కూడా అతనికి పేరు లేదు. కొన్న పిట్‌కు పేరుంది, అమ్మిన జమ్‌చంద్‌కు పేరుంది. ఏరినవాడు ఎవరు?

నన్ను తొలిచే ప్రశ్న ఇదే. తావెర్నియే తీసుకెళ్లిన నీలి రాయి 14వ లూయీ చేతికి చేరి, 1792 విప్లవంలో దొంగల పాలై, చివరికి ఒక ఆంగ్లేయ కుటుంబం పేరుతో 'హోప్' అయింది. 45.52 క్యారెట్ల ఆ వజ్రం 1958 నుంచి వాషింగ్టన్‌లో స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది. 'దరియా ఇ నూర్' టెహ్రాన్‌లో ఉంది. కోహినూర్ గురించి కొత్తగా చెప్పేదేముంది! అది కొల్లూరు రాయేనని మనవాళ్ల గట్టి నమ్మకం, నిరూపించే పత్రం మాత్రం లేదు. 1849లో పదేళ్ల పంజాబ్ మహారాజు దులీప్ సింగ్ చేత బ్రిటిష్ వాళ్లు వదిలించిన తీరుకు మాత్రం కావలసినన్ని పత్రాలున్నాయి. ఇన్ని రాళ్లకు ఫ్రెంచి, పారసీక, ఆంగ్ల పేర్లున్నాయి గానీ తెలుగు పేరు ఒక్కదానికీ లేదు.

నేల కింది సంగతి ఇంకా పెద్దది. వజ్రమంటే ఉట్టి కర్బనమే. భూమిలో 150 కిలోమీటర్లకు పైగా లోతున, వంద కోట్ల ఏళ్లు దాటిన కాలంలో, విపరీతమైన ఒత్తిడికి వజ్రమైంది. కింబర్లైట్ అనే శిలాద్రవం ఒక్క ఊపున పైకి ఎగదన్నినప్పుడు దానితో పాటు వచ్చింది. అనంతపురం జిల్లా వజ్రకరూరు దగ్గర అలాంటి కింబర్లైట్ గొట్టాలు ఉన్నాయి. వాటి వయసు దాదాపు 110 కోట్ల ఏళ్లు. ఆ రాయి శిథిలమై, వాగుల వెంట దొర్లి, బనగానపల్లె గులకరాతి పొరల్లో చిక్కుకుని, మళ్లీ అరిగి చేలల్లోకి, ఏటి ఒడ్డుకు చేరడమే సీమ వజ్రాల ప్రయాణం. గోల్కొండ రాళ్లకు నీళ్లలాంటి తేటదనం ఉంటుందని వర్తకులు ఏనాటి నుంచో అంటున్నారు. నత్రజని దాదాపు లేని ఆ జాతి వజ్రాలు లోకంలో నూటికి రెండు కూడా ఉండవు. ఆ జాతి పెద్ద రాళ్లు మామూలు వజ్రాల కంటే చాలా దిగువన, 360 నుంచి 750 కిలోమీటర్ల లోతున పుట్టాయని 2016లో శాస్త్రజ్ఞులు తేల్చారు. హోప్ వజ్రపు నీలిమకు కారణం చిటికెడు బోరాన్.

18వ శతాబ్దం మొదట్లో బ్రెజిల్‌లో వజ్రాలు దొరికాయి, 1860ల చివర్లో దక్షిణాఫ్రికాలో దొరికాయి. మన గనులు వెనకబడ్డాయి. అయినా ఆశ చావలేదు. చుట్టూ ఉన్న నేల బ్రిటిష్ వాళ్లపరం అయ్యాక కూడా కృష్ణకు దగ్గర్లోని పరిటాల చుట్టుపక్కల కొన్ని ఊళ్లను నిజాం వజ్రాల కోసమే తన కింద అట్టిపెట్టుకున్నాడు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొన్న జాకబ్ వజ్రం, తర్వాత కొడుకు తండ్రి చెప్పు కొసలో చూసి కాగితాల మీద బరువుగా వాడుకున్న ఆ 184 క్యారెట్ల రాయి, గోల్కొండది కాదు. దక్షిణాఫ్రికాది. 1995లో భారత ప్రభుత్వం నిజాం నగలతో పాటు దాన్నీ కొంది.

పులిచింతల నిండితే 45 టీఎంసీల నీళ్లు. వాటి అడుగున కొల్లూరు ఉంది. ఊరివాళ్లు తరలిపోయారు. జొన్నగిరి చేలల్లో మాత్రం వాన పడుతూనే ఉంది. ఎవరికో రాయి దొరుకుతుంది. ఆ సాయంత్రమే అది కాగితపు పొట్లంలో వ్యాపారి జేబులోకి వెళ్లిపోతుంది. మర్నాడు పేపర్లో ధర ఇన్ని లక్షలని ఒక అంకె వస్తుంది. 'ఓ వ్యవసాయ కూలీకి' అని మాత్రం రాస్తారు.