27 పంక్తుల వారసత్వము

ఒక యింటినుండి వేరొక యింటికి కాపురము మార్చినవారికి ఈ సంగతి తెలియును. గిన్నెలు, పెట్టెలు, మంచములు బండిపై నిశ్చింతగా చేరును. అలవాట్లు మాత్రము అంత సులభముగా చేరవు. పాత యింట నుయ్యి పెరటిలో నుండెను. క్రొత్త యింట ముంగిట నున్నది. అయినను తెల్లవారగానే కాళ్లు పెరటివైపే నడచును. కంప్యూటరు ప్రోగ్రాములను ఒక ఆపరేటింగ్ సిస్టమ్ నుండి మరియొకదానికి తరలించినవారి చరిత్రయు ఇట్టిదే.

ముందుగా ఒక మాటను విప్పి చెప్పవలెను. మా స్టూడియోలో కాగితముపై నున్న ప్రసంగపాఠము వేరు. దానిని మైక్రోఫోను ముందర చదువుట వేరు. కంప్యూటరులో ఆ పాఠము వంటిది ప్రోగ్రాము. ఆ చదువుట వంటిది ప్రాసెస్. పాఠమును ఎక్కడికైనను పంపవచ్చును. చదువుట మాత్రము ఆయా స్టూడియో ఏర్పాట్లనుబట్టి జరుగును.

అమెరికాలోని బెల్ ప్రయోగశాలలందు 1969లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ మొదలగువారు పీడీపీ-7 అను చిన్న యంత్రముపై యూనిక్స్ నిర్మాణమునకు పూనుకొనిరి. క్రొత్త ప్రాసెస్‌ను పుట్టించుటకు వారు ‘ఫోర్క్’ అను పద్ధతిని గైకొనిరి. బర్క్‌లీలో ఎస్‌డీఎస్ 940 యంత్రమునకై నిర్మించిన వ్యవస్థలో ఇట్టిది అంతకుముందే కలదు. ఫోర్క్ అనగా, నడుచుచున్న ప్రాసెస్ అచ్చముగా తనవంటి ప్రతిని కనుట. తల్లి యెరిగినదెల్ల, తెరచియుంచిన ఫైళ్లతో సహా, బిడ్డకు సంక్రమించును. పిమ్మట బిడ్డ వేరొక ప్రోగ్రామును స్వీకరించి తన దారిని పోవును. ప్రాసెస్‌ను డిస్కుపై వ్రాసియుంచు ఏర్పాటు అప్పటికే యుండుటచే, ఇందులకు 27 పంక్తులే చాలెనని రిచీ తరువాత వ్రాసెను.

ఆ సౌలభ్యము వెంట ఒక చిక్కును వచ్చెను. డైరెక్టరీని మార్చు ఆజ్ఞ పనిచేయుట మానెను. కారణమరయగా, ఆజ్ఞను నెరవేర్చినది బిడ్డ; అది తన స్థానమును మార్చుకొని అంతటితో ముగిసెను; తల్లి ఉన్నచోటనే యుండెను. ప్రాసెస్ పుట్టుక రీతి మారినచో ప్రోగ్రాము ఫలితమే మారునని ఆ నాడే తేటపడెను.

1973లో యూనిక్స్‌ను సీ భాషలో తిరిగి వ్రాసిరి. 1977లో అది ఇంటర్‌డేటా యంత్రములకు తరలెను. యంత్రము మారినను ఫోర్క్ మారలేదు. కావున దానిని ప్రకృతి ధర్మమువలె నమ్మి ఎందరో ప్రోగ్రాములు వ్రాసిరి.

1993లో వెలువడిన విండోస్ ఎన్‌టీలో సామాన్య ప్రోగ్రాములకు లభించిన మార్గము వేరు. అచట తల్లికి ప్రతి లేదు. ఏ ప్రోగ్రాము నడువవలెనో, దానికేమి చెప్పవలెనో, ఏవి సంక్రమింపవలెనో పేర్కొనినచో క్రొత్త ప్రాసెస్ మొదటినుండి నిర్మింపబడును. చెప్పనిది బిడ్డకు తెలియదు.

తరలించువారికి రెండు దారులు కనబడెను. మొదటిది అనుకరణము. 1995లో ఆరంభమైన సిగ్విన్ క్రొత్త ప్రాసెస్‌ను పుట్టించి, తల్లి స్మృతిని దానిలోనికి ఎత్తిపోయును. పాత ప్రోగ్రాములు నడచును గాని నెమ్మదిగా నడచును. తల్లియందు ఒక గ్రంథాలయము నిలిచిన చోటనే బిడ్డయందును నిలువకున్నచో ఆ యత్నము విఫలమగును.

రెండవ దారి పోస్ట్‌గ్రెస్ అను డేటాబేసు నిర్మాతలు త్రొక్కినది. వచ్చిన ప్రతి సంబంధమునకు ఒక బిడ్డ ప్రాసెస్‌ను కనుట దాని పద్ధతి. విండోస్ గలవారు అంతవరకు దానిని సిగ్విన్ నీడనే నడుపుకొనిరి. 2005 జనవరిలో వెలువడిన 8.0 ప్రతి స్వయముగా విండోస్‌పై నిలిచెను. అందుకై ఆ నిర్మాతలు తల్లి యెరిగిన విషయములలో బిడ్డకు నిజముగా కావలసినవి యెవ్వియో ఏరి, ఒక్కొక్కదానిని పేరుపేరున అందింపవలసివచ్చెను.

2019లో మైక్రోసాఫ్ట్, బోస్టన్ విశ్వవిద్యాలయము, జూరిక్‌లోని ఈటీహెచ్‌లకు చెందిన నలుగురు పరిశోధకులు ఫోర్క్‌కు కాలము చెల్లినదని వాదించిరి. మేము ఆ 27 పంక్తులను నిందింపజాలము. ఎనిమిది వేల చిల్లర పదములు మాత్రమే పట్టు స్మృతిగల యంత్రముపై అవి చక్కని ఉపాయమే. ఉపాయమును ధర్మమని భ్రమించుటయే దోషము. ఇల్లు మారిన నాడు నుయ్యి యెచ్చట నున్నదని కాక, నీరు ఎందులకు కావలెనని అడిగినవారే త్వరగా కుదురుకొందురు.