మాల్‌ఫంక్షన్ 54

డాలస్ నుంచి ఇంటర్‌స్టేట్ 20 మీద తూర్పుకి గంటన్నర పైన ప్రయాణం చేస్తే టైలర్ అనే ఊరొస్తుంది. గులాబీలకి పేరుమోసిన ఊరు. మా ఆవిడ పోరు పడలేక ఓ అక్టోబరులో అక్కడి గులాబీ తోట చూడ్డానికి వెళ్ళాం. తనూ పిల్లలూ పూల పక్కన ఫోటోలు దిగుతుంటే నేను బెంచీ మీద కూర్చుని ఎటో చూస్తున్నానట. "ఇక్కడికొచ్చి కూడా ఆఫీసు గొడవేనా?" అని చీవాట్లు పడ్డాయి. నిజానికి నేను ఆలోచిస్తున్నది ఆఫీసు గురించి కాదు, 1986లో ఆ ఊళ్ళోని ఒక ఆసుపత్రిలో జరిగిన సంగతి గురించి. అది చెప్పేముందు నా నిర్వాకం ఒకటి చెప్పుకోవాలి. లేకపోతే ఊరివాళ్ళ తప్పులు ఎంచడానికి వీడెవడండీ అంటారు.

2004లో ఒక క్లయింట్ దగ్గర పనిచేస్తున్నాను. వాళ్ళ సర్వర్ ఒకటి పొద్దున్నంతా బుద్ధిగా ఉండి, మధ్యాహ్నం మూడయ్యేసరికి కూలబడేది. డయాగ్నొస్టిక్ సాఫ్ట్‌వేర్ నడిపితే ఎర్రక్షరాలతో తీర్పు చెప్పేసింది: మెమరీ ఎర్రర్, రెండో స్లాట్. ర్యామ్ మార్చాం. రెండ్రోజులకి మళ్ళీ అదే మాట. ఇంకోటి మార్చాం. మళ్ళీ అదే. ఆ ర్యామ్ తెచ్చి అమర్చేది ఒక పెద్దాయన, ఒంటిచేత్తో చిన్న వ్యాపారం నడుపుకునే హార్డ్‌వేర్ కాంట్రాక్టరు. సరుకు మంచిదేనని ఆయన ఎంత చెప్పినా నేను వినలేదు. తెర మీద అంత స్పష్టంగా రాసి ఉంటే ఇంకా వాదనేమిటి? "నాసిరకం సరుకు పెడుతున్నాడు, వేరేవాళ్ళని చూసుకోండి" అని మేనేజరుకి మెయిలు కొట్టాను. కాపీ ఇంకో నలుగురికి.

ఆ శనివారం ఆయన తనంతట తనే వచ్చి, మూత విప్పి, టార్చిలైటు వేసి నన్ను పిలిచాడు. ప్రాసెసర్ పక్కన వరసగా నిలబడి ఉన్న చిన్న డబ్బాల్లాంటి కెపాసిటర్లలో మూడింటి నెత్తి పూరీలా ఉబ్బింది. ఒకదాన్లోంచి గోధుమరంగు జిగురు కారి ఎండిపోయింది. ఆ రోజుల్లో చాలా కంపెనీల మదర్‌బోర్డులకి పట్టిన జబ్బే అది. లోపలి రసాయనం సరిగా లేని కెపాసిటర్లు కొన్నాళ్ళకి ఉబ్బి చచ్చిపోయేవి. మిషను వేడెక్కగానే కరెంటు నిలకడగా అందక మెమరీ తడబడేది. డయాగ్నొస్టిక్ ప్రోగ్రాం చేసేదల్లా మెమరీలో ఒక అంకె రాసి మళ్ళీ చదువుకోవడం. రాసిందీ చదివిందీ ఒకటి కాకపోతే మెమరీ చెడిందని అరుస్తుంది. తప్పు ర్యామ్‌దా, బోర్డుదా, కరెంటుదా అన్నది దానికి కనపడదు. గుండెజబ్బు వాడికి ఎడమచెయ్యి లాగుతుందంటారే, అలాగ. చెయ్యి నొప్పి అబద్ధం కాదు. కానీ చేతికి కట్టు కట్టేవాణ్ణి డాక్టరనరు కదా.

అదే ఐదుగురికీ క్షమాపణ మెయిలు పంపాను. పెద్దాయన కాంట్రాక్టు నిలిచింది. ఆయన మాత్రం నాతో మళ్ళీ ముక్తసరిగానే మాట్లాడాడు. న్యాయమే.

ఇక టైలర్ సంగతి.

అటామిక్ ఎనర్జీ ఆఫ్ కెనడా లిమిటెడ్ అనే సంస్థ కాన్సర్ చికిత్సకి థెరాక్-25 అనే రేడియేషన్ మిషను తయారుచేసింది. దాన్ని నడిపేది పీడీపీ-11 కంప్యూటరు. పాత థెరాక్-20లో ప్రమాదం జరక్కుండా ఆపడానికి విడిగా హార్డ్‌వేర్ అడ్డుకట్టలుండేవి. కొత్తదాన్లో వాటిల్లో చాలావాటిని తీసేసి ఆ బాధ్యత సాఫ్ట్‌వేర్‌కి అప్పగించారు. ఏదైనా తేడా వస్తే తెర మీద "మాల్‌ఫంక్షన్" అన్న మాటా, పక్కన ఒక అంకే వచ్చేవి. అంతకుమించి వివరం లేదు. చిన్న తేడా అని మిషను అనుకుంటే చికిత్సని కాసేపు ఆపేది, ఆపరేటరు "పి" అనే మీట నొక్కితే మళ్ళీ మొదలయ్యేది. అలాంటి ఆగడాలు తరచూ జరిగేవి. "నాన్నా పులి" కథలో లాగా పాపం ఆపరేటర్లకి ఆ అంకెలు అలవాటైపోయాయి.

1986 మార్చి 21న టైలర్‌లోని ఈస్ట్ టెక్సస్ కాన్సర్ సెంటర్‌లో ఒకాయన తొమ్మిదోసారి చికిత్సకొచ్చాడు. ఎలక్ట్రాన్ చికిత్సకి "ఇ" కొట్టాల్సిన చోట ఆపరేటరు పొరపాటున ఎక్స్-రేకి సంబంధించిన "ఎక్స్" కొట్టింది. చూసుకుని, కర్సర్ పైకి జరిపి, చకచకా దిద్దింది. చెయ్యి తిరిగిన మనిషి కదా, అంతా కొన్ని సెకన్లలో అయిపోయింది. చికిత్స మొదలుపెట్టగానే మిషను ఆగింది. "మాల్‌ఫంక్షన్ 54". మిషనుకి అంటించిన కాగితంలో దాని అర్థం "డోస్ ఇన్‌పుట్ 2" అని మాత్రం ఉంది. డోసు మరీ ఎక్కువైనా మరీ తక్కువైనా అదే అంకె వస్తుందని తయారీసంస్థ మనిషి తరవాత ఎప్పుడో చెప్పాడు! అడిగింది 202 యూనిట్లయితే ఇచ్చింది 6 మాత్రమేనని తెర చూపిస్తోంది. తక్కువ పడింది కాబోలనుకుని ఆవిడ "పి" నొక్కింది.

లోపల జరిగింది వేరు. మొదటిసారే ఆ మనిషికి వీపులోంచి కరెంటు పోయినట్టయింది. లేవబోతుండగా రెండోసారి చేతికి తగిలింది. గదిలో కెమెరా ఆ రోజు ప్లగ్గు పెట్టిలేదు, మాటలు వినిపించే ఇంటర్‌కం పనిచెయ్యడం లేదు. 180 రాడ్లు పడాల్సిన చోట వేలల్లో పడింది. తరవాత వేసిన లెక్క 16,500 నుంచి 25,000 దాకా. ఐదునెలలకి ఆయన చనిపోయాడు.

మరి తెర మీద 6 ఎందుకొచ్చింది? డోసుని కొలిచే పరికరాలు ఆ ధాటికి తట్టుకోలేక చేతులెత్తేశాయి. నిండిపోయిన కుంచం ఇక లెక్కపెట్టలేదు కదా. మిషను కావాలని అబద్ధమాడలేదు. దానికి కనిపించింది చెప్పింది. దాని కన్నే పోయింది.

కంపెనీ ఇంజనీర్లు వచ్చారు. ఒకరోజంతా పరీక్షలు చేశారు. మాల్‌ఫంక్షన్ 54ని మళ్ళీ తెప్పించలేకపోయారు. ఎక్కువ డోసు పడడం అసాధ్యమన్నారు. బహుశా కరెంటు షాకేమో అన్నారు. బయటి ఇంజనీర్లని పిలిచి చూపిస్తే ఎలక్ట్రికల్ లోపమేమీ లేదని తేలింది. ఏప్రిల్ 7న మిషను మళ్ళీ పనిలో పెట్టారు. నాలుగురోజులకి, ఏప్రిల్ 11న, అదే ఆపరేటరు, అదే పొరపాటు, అదే దిద్దుబాటు, అదే మాల్‌ఫంక్షన్ 54. ఈసారి ఇంటర్‌కం పనిచేసింది కాబట్టి లోపల పెద్ద శబ్దమూ, రోగి మూలుగూ వినపడ్డాయి. ఆయన మూడువారాలు బతికాడు.

అప్పుడు ఆ ఆసుపత్రి ఫిజిసిస్టు ఫ్రిట్జ్ హేగర్ కంపెనీ కోసం ఎదురుచూడలేదు. మిషను ఆపేసి, ఆ ఆపరేటర్నే పక్కన కూర్చోబెట్టుకుని, ఆ రోజు ఏ మీట తరవాత ఏ మీట నొక్కిందో అలాగే మళ్ళీమళ్ళీ చేయించాడు. చివరికి కిటుకు దొరికింది. అసలు సంగతి వేగంలో ఉంది. లోపలి అయస్కాంతాలు సర్దుకోవడానికి దాదాపు 8 సెకన్లు పడుతుంది. ఆ 8 సెకన్లలో ఎవరైనా తెర మీద అంకెలు దిద్దితే, తెర మారేది గానీ మిషను మారేది కాదు. కంపెనీవాళ్ళకి ఫోన్లో చెబితే వాళ్ళకీ మొదట రాలేదు, గబగబా కొట్టాలని ఆయన చెప్పాకే వచ్చింది. నెమ్మదిగా, జాగ్రత్తగా పరీక్షించే ఇంజనీరుకి ఎన్నేళ్ళయినా దొరకని తప్పు, పని బాగా వచ్చిన ఆపరేటరుకి దొరికింది. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇక్కడ పట్టించింది మాత్రం ఆ ఇంట్లో పనిచేసే మనిషే.

ఇంకో తమాషా. అదే తప్పు పాత థెరాక్-20లోనూ ఉందట. షికాగో విశ్వవిద్యాలయంలో కొత్త విద్యార్థులు వచ్చినప్పుడల్లా ఆ మిషను ఫ్యూజులు కాలిపోయేవి. పిల్లచేష్టలు అనుకునేవాళ్ళు. అక్కడ హార్డ్‌వేర్ అడ్డుకట్ట ఉంది కాబట్టి ఫ్యూజు పోయింది. టైలర్‌లో అది లేదు కాబట్టి ప్రాణం పోయింది.

టైలర్ మొదటిది కూడా కాదు. 1985 జులైలో కెనడాలోని హామిల్టన్‌లో ఇలాంటిదే జరిగితే కంపెనీవాళ్ళు ఒక మైక్రోస్విచ్‌ని అనుమానించి, సరిచేసి, మిషను భద్రత లక్షరెట్లు పెరిగిందని చెప్పుకున్నారు. స్విచ్చే తప్పని రుజువు కాలేదు. అది నేను మార్చిన ర్యామ్ లాంటిదే. 1985 జూన్ నుంచి 1987 జనవరి దాకా మొత్తం ఆరు ప్రమాదాలు. నాన్సీ లెవెసన్, క్లార్క్ టర్నర్ 1993లో రాసిన వ్యాసంలో ఇదంతా వివరంగా ఉంది. నేను దాన్ని చదివింది 2004లోనే, ఆ ఉబ్బిన కెపాసిటర్లు చూసిన వారంలో. రాత్రి నిద్రపట్టలేదు. నా తొందరకి ఒక పెద్దాయన బతుకుతెరువు పోయుండేది, అంతే. అదే తొందర వేరే గదిలో, వేరే మిషను ముందు అయితే?

అప్పట్నుంచీ ఎర్రర్ మెసేజి కనపడితే రెండు ప్రశ్నలు వేసుకుంటాను. ఇది దేన్ని కొలిచి ఈ మాటంటోంది? ఆ కొలిచేదే చెడిపోతే తెర మీద ఏం కనపడుతుంది? మూడోది ప్రశ్న కాదు, అలవాటు. మిషను ముందు రోజూ కూర్చునే మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని, ఆ రోజు చేసింది చేసినట్టు చేయించి చూస్తాను. చాలాసార్లు జవాబు అక్కడే దొరికింది.

తోటలో ఇదంతా చెప్పాను మా ఆవిడకి. పూర్తిగా విని, "ఆ రెండోసారి కూడా ఆవిడేనా మీట నొక్కింది? ఎలా బతికిందో పాపం" అంది. అన్నేళ్ళుగా ఆ కథ చదువుతున్నాను, నాకా ఆలోచన రాలేదు.